రోజూ కడిగిన పెట్టె

కార్ల్స్‌రూహె
మార్చి 4, 2026

చి॥ నవ్యశ్రీకి,

నిన్న మంగళవారం సాయంత్రం ఆరున్నరకు ఫ్రావ్ కెస్లర్ పైకి వచ్చి, ఏప్రిల్ ముప్పయ్యో తేదీలోగా వాసన పోకపోతే ముంగిసల్లాంటి నీ ఫెరెట్లు ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదని చెప్పింది. ఆవిడ మా ఇంటి ఓనరు, కింది అంతస్తులోనే ఉంటుంది. నోటితో చెప్పి ఊరుకోలేదు, కాగితం మీద రాసి సంతకం పెట్టి మీ మామ చేతికిచ్చింది. ముప్పయ్యో తేదీ గురువారం పొద్దున పదింటికి వచ్చి చూస్తుందట. ఆ టెర్మిన్, అంటే వచ్చి చూసే టైమ్, కూడా తనే వేసుకుంది.

ఫోన్ చెయ్యకు. పోయిన ఆదివారం ఏం జరిగిందో నీకు తెలుసు. నువ్వు అరిచావు, నేను అరిచాను, చెప్పాల్సిన సంగతి ఒక్కటీ చెప్పుకోలేదు. రాస్తే నాకు కోపం తగ్గుతుంది. నువ్వూ రాయి.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. జనవరి చివర్లో మీరు ముగ్గురమ్మాయిలు కలిసున్న ఫ్లాట్ ఖాళీ చేసి నువ్వు హాస్టల్‌కు మారావు. అక్కడ జంతువుల్ని ఉంచనివ్వరని ఈ రెంటినీ నా దగ్గర వదిలావు. అక్టోబర్ దాకా అన్నావు. టాయిలెట్‌కు బాక్స్‌లోనే వెళ్ళడం వచ్చు, అత్తా, ఏ ఇబ్బందీ ఉండదు అన్నావు. నేను నమ్మాను.

బాక్స్ హాల్లో, బాల్కనీ తలుపు పక్కన పెట్టాను. పొద్దున దీపం పెట్టే ముందు ఒకసారి, ఆఫీసు పని ముగిశాక ఒకసారి వేడినీళ్ళతో కడుగుతున్నాను. నేల రోజూ తుడుస్తున్నాను. ఎక్కడా తడి లేదు, మరక లేదు. నాకు వాసన రావడం లేదు, మీ మామకూ రావడం లేదు. మా పాప స్నిగ్ధ మాత్రం ముక్కు మూసుకుని "దస్ ష్టింక్ట్", కంపు కొడుతోంది, అంటుంది. కానీ అది సాంబారును కూడా అదే మాటంటుంది.

మన వంట వాసనేమో అని ఫ్రావ్ కెస్లర్‌ను అడిగాను. "కాదు, జంతువు వాసన. నేను పల్లెలో పెరిగాను, నాకు తెలుసు" అంది.

ఏం చెయ్యాలో రాయి. మీ మామకు ఓపిక తక్కువ. నాకూ ఎక్కువేం లేదు.

మీ అత్త
ఆదిలక్ష్మి


ఇల్మెనౌ
మార్చి 6

అత్తకు,

నీ మెయిల్ ల్యాబ్‌లో చదివాను. మళ్ళీ హాస్టల్‌కు వచ్చి చదివాను. సారీ. ఆదివారం ముందు అరిచింది నేనే. ముందు ఫోన్ పెట్టేసింది మాత్రం నువ్వే.

నాకు తెలిసినవి చెబుతాను. ఫెరెట్‌కు పేగు చిన్నది. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. రోజులో ఎక్కువసేపు నిద్రే. లేచిన కాసేపటికే వెళ్ళాలి. అప్పుడు వెనక్కి వెనక్కి నడిచి, మూలకు వీపు ఆనించి, తోక లేపి కానిస్తుంది. పిల్లిలా గుంత తవ్వదు, పూడ్చదు. దానికి కావలసింది మూల. ఏ మూలనైనా ఒకసారి ఎంచుకుంటే అంత తేలిగ్గా వదలదు.

ఇప్పుడు నా ప్రశ్నలు. బాక్స్‌లో రోజుకు ఎంత ఉంటోంది? రెండు జంతువులకు గుప్పెడు కన్నా ఎక్కువే ఉండాలి. తిండి ఏం పెడుతున్నావు? అవి పూర్తిగా మాంసాహారులు, అన్నం అరగదు. పెరుగన్నం పెట్టలేదు కదా? ఇంకోటి, ఫ్రావ్ కెస్లర్‌కు వాసన ఎక్కడ వస్తోంది? మెట్ల దగ్గరా, ఆవిడ ఇంటి లోపలా?

జిమ్ట్‌కు చెవి వెనక గోకితే ఇష్టం. ముస్కాట్‌కు సాక్సులు దొరకనివ్వకు, ఎత్తుకుపోతుంది.

నవ్య


కార్ల్స్‌రూహె
మార్చి 12

చి॥ నవ్యకు,

సాక్సుల సంగతి ఆలస్యంగా చెప్పావు. మీ మామవి ఆరు పోయాయి. ఆరూ కుడికాలివే అని ఆయన వాదన. సాక్సుకు కుడీ ఎడమా ఏముంటుందని నేను.

నీ ప్రశ్నలకు జవాబులు. తిండి నువ్విచ్చిన సంచీలోదే. పెరుగన్నం ఒక్కసారి పెట్టాను. మొన్నటి ఏకాదశికి, ఆ పూట ఇంట్లో మాంసం వద్దని. రెండూ వాసన చూసి గిన్నె తిరగేసి పోయాయి. ఇక అడగకు.

బాక్స్‌లో ఎంత ఉంటోందని అడిగావు. అప్పటిదాకా నేను చూసి కడగడమే కానీ ఎంతుందని ఆలోచించలేదు. ఈ వారం చూశాను. ఒక చెంచాడు. కొన్ని పూటలు అదీ లేదు. నేలమీద ఏమీ లేదు. గిన్నెలో తిండి మాత్రం ఖాళీ అవుతోంది. మరి మిగతాదంతా ఎక్కడికి పోతోంది?

నిజం చెబుతున్నాను, ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. జీతాల లెక్కల్లో ఒక అంకె తేడా వస్తే నాకు అన్నం సయించదని మీ మామ అంటారు కదా. నిన్న టీమ్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి నేలమీద కూర్చున్నాను. పెద్దది, జిమ్ట్, నిద్ర లేచింది. ఆవులించి, ఒళ్ళు విరుచుకుని, తిన్నగా బాక్స్ దగ్గరికి పోయింది. లోపలికి తల పెట్టింది, వాసన చూసింది. నాలుగు మూలలూ చూసింది. పరాయి ఇంటికి వచ్చినట్టు నిలబడి, బయటికి వచ్చి, సోఫా కిందికి దూరిపోయింది. నేను సోఫా జరిపేసరికి లేదు. అంతలో మా టీమ్ లీడర్ "ఆది, నీ అభిప్రాయం?" అంది. మైక్ తెరిచి, "నాకూ అదే అర్థం కావడం లేదు" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు.

ముంగిసలా సన్నగా ఉండి, నీళ్ళలా జారిపోతే ఎవరు పట్టుకుంటారు?

వీటి పేర్లు నాకు నోరు తిరగవు. జిమ్ట్ అంటే దాల్చినచెక్క కదా, దాన్ని చెక్క అంటున్నాను. ముస్కాట్ జాజికాయ కాబట్టి జాజి. పలుకుతున్నాయి.

అత్త


ఇల్మెనౌ
మార్చి 15

అత్తా,

నీ మెయిల్ మా ల్యాబ్‌లో జోహ్రాకు చదివి వినిపించాను. జోహ్రాది టోలిచౌకి. పెరుగన్నం దగ్గర పడీ పడీ నవ్వింది. తర్వాత, "ఆంటీకి చెప్పు యార్, ఇన్‌పుట్ ఉంది, ఔట్‌పుట్ లేదు అంటే సిస్టమ్‌ల ఎక్కడనో లీకేజ్ ఉన్నట్టే" అంది.

నువ్వు కోప్పడనంటే ఒకటి చెబుతాను. చెక్క ఆ బాక్స్‌లో తల పెట్టి నాలుగు మూలలూ ఎందుకు చూసిందో తెలుసా? తన వాసన కోసం. ఫెరెట్‌కు టాయిలెట్ అంటే ప్లాస్టిక్ పెట్టె కాదు, ఇదివరకు తను వెళ్ళిన చోటు. అందుకే బాక్స్ శుభ్రం చేసేటప్పుడు కొంచెం వదిలిపెట్టాలి. నువ్వు రోజుకు రెండుసార్లు వేడినీళ్ళతో కడుగుతున్నావు. ఆ వేడినీళ్ళలో ఏం కలుపుతున్నావో నాకు తెలుసు, మీ ఇంటికి వస్తే మెట్ల దగ్గరే డెటాల్ వాసన వస్తుంది. కడిగిన ప్రతిసారీ వాటికి అది కొత్త పెట్టె. అంటే వాటి వాసన మిగిలి ఉన్న చోటు ఇంట్లో ఇంకొకటి ఉంది. నీ చెయ్యి పడని చోటు.

ఇంట్లో నువ్వు ఎప్పుడూ కడగని చోటు ఏదైనా ఉందా?

ఫ్రావ్ కెస్లర్‌కు వాసన ఎక్కడ వస్తోందో నువ్వు రాయలేదు.

నవ్య


కార్ల్స్‌రూహె
మార్చి 20

నవ్యా,

దొరికింది.

మా ఇంట్లో కడగని చోటు లేదు, నీ హాస్టల్ గది చూసుకో అని నీకు రాసి, పంపకుండా చెరిపేశాను. నిన్న ఉగాది. దానికి రెండు రోజుల ముందు నుంచి ఇల్లంతా దులిపాను. నీ మాట చెవిలో ఉంది కాబట్టి ఫ్రిజ్ వెనక, మంచాల కింద, సోఫాలో కూడా చూశాను. ఏమీ లేదు.

నిన్న సాయంత్రం ఆరు భక్ష్యాలు పళ్ళెంలో పెట్టుకుని ఫ్రావ్ కెస్లర్ తలుపు కొట్టాను. పండగ అన్నాను. లోపలికి రమ్మంది. ఒకటి కొరికి, "ఇందులో చక్కెరతో పాటు ఏముంది?" అంది. శనగపప్పు అన్నాను. "స్వీట్‌లో పప్పా?" అని ఇంకోటి తీసుకుంది. అప్పుడు అడిగాను, వాసన మీకు ఎక్కడ వస్తోందని. కిటికీ పక్క మూలకు తీసుకెళ్ళింది. హీటింగ్ గొట్టం మా ఇంట్లోంచి ఆవిడ ఇంట్లోకి దిగే చోటు. గొట్టం చుట్టూ వేలు దూరేంత సందుంది. ముక్కు పెట్టి చూశాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు.

ఆ మూలకు సరిగ్గా పైన మా ఇంట్లో ఏముందో మెట్లెక్కుతూ ఆలోచించాను. మూడో మెట్టు మీద ఆగిపోయాను.

అది మా ఈశాన్యం మూల. దేవుడి అల్మారా. ఈ ఇంట్లో చేరినప్పుడు మీ అమ్మమ్మ వరంగల్ నుంచి వచ్చి, పసుపు కుంకుమ పెట్టి తన చేత్తో అక్కడ పెట్టించింది. ఇక దీన్ని జరపొద్దు అంది. మూడేళ్ళలో నేను జరపలేదు. ముందు తుడుస్తాను, పక్కలు తుడుస్తాను. గొట్టం అడ్డం రావడంతో అల్మారాకూ గోడకూ మధ్య జానెడు సందు ఉండిపోయింది. అక్కడ వెచ్చగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, ఎవరూ రారు. ముందు రెండు పూటలా నేను పెట్టే అగరుబత్తి, సాంబ్రాణి. మాకు వాసన ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైందా?

పండగ దీపం ఇంకా వెలుగుతోంది. నేను ఫోన్ టార్చి వేసి వంగాను. లోపలి నుంచి జాజి ముఖం బయటపెట్టింది. దాని నోట్లో మీ మామ సాక్సు.

మీ మామ వచ్చి చూశారు. ఇద్దరం కలిసి అల్మారా జరిపాం. నేల పళ్ళెమంత మేర నల్లబడింది. ఆయన అన్న మాటలు రాస్తున్నాను.

"ఇగ చాలు. దేవుని ఎనుక! నవ్యకు రాయి, వచ్చే శనివారం లోపట తీస్కపొమ్మను. లేకుంటే నేనే టియర్‌హైమ్‌ల ఇచ్చి వస్త."

నేను కాగితాలు తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టాను. 

అత్త


ఇల్మెనౌ
మార్చి 21

అత్తా,

టియర్‌హైమ్‌కు వద్దు. ఎందుకో చెప్పాలి, ఇన్నాళ్ళూ చెప్పలేదు.

నేను వీటిని తెచ్చుకున్నదే ఆ జంతువుల ఆశ్రయం నుంచి. జంతువుల్ని వదిలేసిన వాళ్ళ దగ్గర్నుంచి తీసుకుని, కావాలన్న వాళ్ళకు ఇస్తారు. నాకన్నా ముందు ఇద్దరు తీసుకెళ్ళి, ఇద్దరూ తిరిగి ఇచ్చేశారు. కారణం ఒకటే రాసి ఉంది: బాక్స్‌లో వెళ్ళవు. ఈసారి కూడా వెనక్కి వస్తే, కారణం చూసి ఇక ఎవరూ తీసుకోరని, రెంటినీ కలిపి ఉంచడం కూడా కష్టమని అక్కడి ఆవిడ నాకు ముందే చెప్పింది. నువ్వు ఒప్పుకోవేమోనని నీకు చెప్పలేదు. మా ఫ్లాట్‌లో అవి చక్కగా బాక్స్‌లోనే వెళ్ళేవి. అది మాత్రం నిజం. మా ముగ్గురిలో ఎవరికీ రోజూ కడిగే ఓపిక లేకపోవడం వల్ల అని ఇప్పుడు తెలుస్తోంది.

అవి ఆ మూలను ఎంచుకున్నాయి. అక్కడినుంచి తరిమితే ఇంకో రహస్య మూల వెతుక్కుంటాయి. బాక్స్ అక్కడే పెడితే పని సగం అయినట్టే. అంటే అల్మారా కదలాలి. ఈ మాట నీకు రాయడానికి నాకు చేతులు రావడం లేదు, కానీ వేరే దారి తెలియదు.

శనివారం నేను రాగలను. తీసుకుని ఎక్కడికి వెళ్ళాలో మాత్రం తెలియదు.

నవ్య


కార్ల్స్‌రూహె
మార్చి 30

చి॥ నవ్యకు,

శనివారం నిన్ను రావద్దని మెసేజ్ ఒక్కటే పెట్టాను. కారణం ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు దాచినందుకు కోపం వచ్చింది. రెండు రోజులుంది. తర్వాత దాని స్థానంలో ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. ఆ రెండిళ్ళవాళ్ళు బాక్స్ ఎలా కడిగేవారు? టియర్‌హైమ్ ఆవిడను అడిగి రాయి. నాకు తెలియాలి.

మీ మామను ఒక్క వారం ఆగమన్నాను. నిన్న ఆదివారం మీ అమ్మమ్మతో వీడియో కాల్. నేనెప్పుడూ దేవుడి అల్మారా వెనక కనిపించేటట్టు కూర్చుంటాను. నిన్న ఫోన్ తీసి అల్మారా వెనక్కే చూపించాను. మీ మామ వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

"ఏందే ఆదీ, నల్లగ?"

చెప్పాను. మొత్తం చెప్పాను.

"రెండు నెలల సంది నువ్వు చూడలేదా?"

"మీరే జరపొద్దన్నరు కద అత్తమ్మా."

"జరపొద్దన్న. ఎనుక ఊడ్వద్దు అన్ననా?"

 ఆ మూల వాటికి వదిలి, దేవుణ్ణి వంటింట్లో తూర్పు గోడకు పెడదామనుకుంటున్నానని చెప్పాను.

"ఈశాన్యంల ఎవరన్న అది పెడ్తరా? బుద్ధున్నదా?"

"మనం పెడ్తలేం అత్తమ్మా. అది ఆడనే ఉన్నది. మనం దాని ముందట దేవుణ్ణి పెట్టుకొని దండం పెడ్తున్నం."

  ఆ మరకను మళ్ళీ చూపించమని, చూసి అంది:

"తియ్యి. ముందు దేవుణ్ణి తియ్యి. ఇయ్యాల్నే. ఏమిరా శశీ, నేను పలక గోడకు కొట్టుమంటె ఆనాడు నువ్వే కద వద్దన్నది?"

అది నిజం. కౌత్సియోన్‌లో, అంటే ఇంటి అడ్వాన్సులో, కోసుకుంటారని మీ మామ ఈ ఇంట్లో మూడేళ్ళుగా ఒక మేకు కొట్టలేదు. ఆయన తల దించుకుని వెళ్ళి స్క్రూలు వెతికారు. టియర్‌హైమ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇవాళ ఫ్రావ్ కెస్లర్‌ను పైకి పిలిచి మరక చూపించాను. దాస్తే ఏప్రిల్ ముప్పయ్యో తేదీన ఎలాగూ కనిపిస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో నొక్కి చూసింది. "కనీసం ఎక్కడో తెలిసింది" అంది. గోడకు రెండు రంధ్రాలు వేసుకోవచ్చా, దేవుళ్ళను పైకి ఎక్కించాలి అని అడిగాను. "మీ దేవుళ్ళు ఎన్ని కిలోలు?" అంది. తూచలేదన్నాను. తూచమని చెప్పి, కింది నుంచి తన డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చిచ్చింది. గడువు మాత్రం మార్చలేదు.

ఇప్పుడు నేర్పించడం ఎలాగో మొదటి నుంచి రాయి. ఏదీ వదలకు.

అత్త


ఇల్మెనౌ
ఏప్రిల్ 2

అత్తా,

టియర్‌హైమ్‌కు ఫోన్ చేశాను. మొదటి ఇంటివాళ్ళ సంగతి ఆవిడకు గుర్తులేదు. రెండో ఇంటావిడ రోజూ క్లోరిన్ బ్లీచ్‌తో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఫొటో కూడా పంపేదట, ఇంత శుభ్రంగా ఉంచినా ఇవి వెళ్ళడం లేదని. నువ్వు ఒక్కదానివే కాదు.

నేర్పించే పద్ధతి. నేల మరకకు ఎంజైమ్ క్లీనర్ వాడు, డెటాల్ వద్దు. గొట్టం చుట్టూ సందు మూయించు. బాక్స్ ఆ మూలలోనే పెట్టు. ముందు అంచు తక్కువుండాలి, వెనక ఎత్తుండాలి, వెనక్కి నడుస్తాయి కాబట్టి. లోపల కాగితం గుళికలు. కొన్నాళ్ళు హాల్లోనే ఉంచు, మిగతా గదుల తలుపులు మూసెయ్. హాల్లో మిగతా మూలల్లో తిండి గిన్నె, పడుకునే గుడ్డలు పెట్టు. తినేచోట, పడుకునేచోట వెళ్ళవు. నిద్ర లేవగానే ఎత్తుకుని బాక్స్‌లో దించు. వెళ్తే వెంటనే శెనగగింజంత కోడిమాంసం. బయట వెళ్తే తిట్టకు, కొట్టకు, తుడిచిన కాగితం తీసి బాక్స్‌లో వెయ్యి.

గుళికలు రోజూ తియ్యి. ప్రతిసారీ కొంచెం వదిలెయ్. ఇది నీకు కష్టమని తెలుసు.

నూటికి నూరు ఎప్పుడూ రాదు. పదికి తొమ్మిదొస్తే గొప్ప.

నవ్య


కార్ల్స్‌రూహె
ఏప్రిల్ 17

చి॥ నవ్యకు,

ఇన్నాళ్ళూ రాయలేదు, చూస్తూ కూర్చున్నాను.

దేవుళ్ళు వంటింట్లో గోడ మీద ఉన్నారు. గోడ పలకతో కలిపి పదకొండు కిలోలు. బాక్స్‌ను మీ మామే చేశారు. బట్టలు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాకు ముందువైపు కోసి, అంచుకు టేప్ చుట్టారు. చెక్క దాంట్లోకి తల పెట్టి, నాలుగు మూలలూ చూసి, వెనక్కి తిరిగి, వీపు ఆనించి తోక లేపింది. నేను గొంతెత్తి "శశీ!" అని అరవబోయి నోరు మూసుకున్నాను. మీ మామను పేరు పెట్టి పిలవబోవడం అదే మొదటిసారి.

మొదటి రోజు కడగకుండా ఉండటం గురించి ఏం రాయను. స్నానం చేసి వచ్చి దాని ముందు నిలబడ్డాను. గరిటెతో తీశాను. మూలన కొంచెం వదిలాను. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు, తోమినవే, మళ్ళీ తోమాను.

ఇప్పుడు చెక్క దాదాపు తప్పడం లేదు. జాజి సంగతి వేరు. అది బాక్స్‌లోకి పోతుంది, తోక లేపుతుంది, ఒక్క క్షణం అలా ఉండి, ఏమీ చెయ్యకుండా దిగి వచ్చి నా చుడీదార్ అంచు లాగుతుంది, కోడిముక్క కోసం. మొదట నాకు తెలియలేదు. ఇచ్చాను. తర్వాత గుళికలు చూస్తే పొడిగా ఉన్నాయి. మీ మామ రెండుసార్లు మోసపోయారు. స్నిగ్ధ దాన్ని "బెట్రూగెరిన్" అని పిలుస్తోంది, మోసగత్తె అని. ఇప్పుడు బాక్స్ చూసే ముక్క ఇస్తున్నాను. ఇక మోసం చెల్లదని జాజి కూడా అర్థం చేసుకుంది. ఇది ఎలా అర్థమైంది దానికి? దాని బుర్ర చింతగింజంత కూడా ఉండదు కదా?

ఇదే ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నీకు తెలిస్తే రాయి.

అత్త


ఇల్మెనౌ
ఏప్రిల్ 26

అత్తా,

ఇంకో నాలుగు రోజులు. నాకు నిద్ర పట్టడం లేదు, థీసిస్ కూడా కదలడం లేదు.

నేనొకటి ఆలోచించాను. బుధవారం సాయంత్రం బాక్స్ మొత్తం కడిగెయ్. గుళికలన్నీ కొత్తవి వెయ్యి. ఆ ఒక్క రోజుకు చెక్కనీ జాజినీ బోనులో పెట్టి ఎవరింటికైనా పంపించు. కైసర్స్‌లౌటర్న్‌లో జోహ్రా వాళ్ళ అన్న బాసిత్ ఉన్నాడు, ఉంచుకుంటానన్నాడు. ఫ్రావ్ కెస్లర్ వస్తుంది, ఖాళీ ఇల్లు చూస్తుంది, వాసన లేదంటుంది, పోతుంది. తర్వాత తెచ్చుకోవచ్చు.

ఆవిడ వచ్చిన ఆ పది నిమిషాల్లోనే జాజి సోఫా వెనక వెళ్తే? బాక్స్‌లో వదిలిన ఆ కాస్త చూసి ముక్కు మూసుకుంటే? మనం చెప్పుకోవడానికి ఏముంటుంది? వాటికి ఇంకో ఇల్లు లేదత్తా.

నన్ను రమ్మంటావా? బుధవారం బయలుదేరితే రాత్రికి వస్తాను.

నవ్య


కార్ల్స్‌రూహె
ఏప్రిల్ 29, బుధవారం

చి॥ నవ్యకు,

రావద్దు. థీసిస్ రాసుకో.

బాసిత్‌కు నా తరఫున థాంక్స్ చెప్పు. చెక్కా జాజీ ఎక్కడికీ పోవడం లేదు. ఫ్రావ్ కెస్లర్ చూడటానికి వచ్చేది ఖాళీ ఇల్లు కాదు. ఒక్క రోజుకు ఖాళీ చేసి చూపిస్తే, మే రెండో తేదీన ఆవిడ ముక్కు ఆవిడ దగ్గరే ఉంటుంది.

ఇవాళ్టికి ఉన్న పరిస్థితి ఇది. కింద ఆవిడ ఇంట్లో వాసన పోయింది. శుక్రవారం మెట్ల దగ్గర కనిపిస్తే నేనే అడిగాను. "పోయిందనుకుంటా" అంది. అనుకుంటా అనే మాట ఆవిడ ఊరికే వాడదు, కాబట్టి రేపటిదాకా ఏమీ అనుకోను. గొట్టం చుట్టూ సందు మూయించాం. నేల మరక తగ్గింది కానీ పోలేదు. దాని మీద బాక్స్ ఉంది. బాక్స్ జరపమంటే జరిపి చూపిస్తాను. జాజి నిన్న మధ్యాహ్నం ఒకసారి టీవీ వెనక తప్పింది. ఆవిడ అడిగితే అదీ చెబుతాను.

మీ మామ ఇవాళ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే బాత్రూమ్‌లోంచి బకెట్ తెచ్చారు. "రేపు ఆమె వస్తది కద, బాక్స్ మంచిగ కడుగుతనా?" అన్నారు. వద్దన్నాను. ఆయన నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఏదైనా కడగొద్దని నేను అనడం ఆయన వినలేదు. బకెట్ పట్టుకుని అలాగే నిలబడ్డారు. చివరికి నేలైనా కడగనా అని అడిగితే, దేవుడి గోడ తుడవమని చెప్పాను.

కడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. రేపు ఆవిడ కళ్ళముందు చెక్క ఆ పెట్టెలో తల పెట్టి, నాలుగు మూలలూ చూసి, పరాయి ఇంటికి వచ్చినట్టు నిలబడుతుంది. తర్వాత ఇంకో మూల వెతుక్కుంటుంది. కాబట్టి గుళికలు గరిటెతో తీశాను. వెనక మూలన, వేలి కొస అంత, ఉంచాను. ఫ్రావ్ కెస్లర్ పల్లెలో పెరిగిన మనిషి. అదెందుకు ఉంచానో చెబితే అర్థం చేసుకుంటుందనుకుంటున్నాను. అర్థం కాకపోతే వాటినే చూడమంటాను.

మీ అమ్మమ్మ ఫోన్ చేసింది. రేపు దీపం రెండు వత్తులతో పెట్టమంది. ఎవరి కోసమని అడిగితే, "ఎవరి కోసమో నీకు తెల్వదా?" అని పెట్టేసింది.

రేపు ఉదయం స్నిగ్ధకు స్కూలుంది. మీ మామ సెలవు పెట్టారు. రెంటికీ తిండి తొమ్మిదింటికి కాదు, ఏడింటికే పెడతాను. తిని పడుకుంటాయి. పదింటికి ఫ్రావ్ కెస్లర్ గంట కొడుతుంది. ఆవిడకు కుర్చీ ఆ మూలకు ఎదురుగా వేస్తాను. ఆవిడ కూర్చున్నాక, వాటిని నిద్ర లేపుతాను.

మీ అత్త
ఆదిలక్ష్మి